మేరమ్మ గడిలో రాసిన నాలుగు నిమిషాలు

ఆ వేసవిలో రోజూ పొద్దున నేను చేయాల్సిన పనులు ఇవి.

ఐదింటికి లేచి నాన్న నడుముకి వేడినీళ్ల సంచి పెట్టాలి. బెల్టు కట్టాలి, ఊపిరి ఆడేంత వదులు ఉంచాలి. అమ్మ సర్దిన రెండు క్యారేజీలూ మర్చిపోకూడదు. ఆరున్నరకల్లా తిరువూరు బస్టాండు వెనక, పురుగుమందుల కొట్టు పైనున్న గది తాళం తీయాలి. ఏసీ వేసి, నాలుగు తెరల మీద నాలుగు కెమెరాల బొమ్మలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలి. గనిలో ఉన్న సూపర్‌వైజరు గిరిబాబుకి ఫోన్ చేసి, డోజరు చుట్టూ ఎవరూ లేరని చెప్పించుకోవాలి. ఆ తర్వాత ఎనిమిది గంటల పాటు డోజరు ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది గడుల కాగితం మీద రాయాలి. గదిలోకి అడుగుపెట్టాక నాన్నను ‘నాన్నా’ అని పిలవకూడదు. కాగితాల మీద ఆయన పేరు ఆపరేటర్ టూ.

అన్నిట్లోకీ ఆ చివరిదే కష్టం.

డోజరంటే ముందు పెద్ద ఇనప పలక, వెనక నేలను చీల్చే ఇనప కొమ్ము ఉన్న గొలుసు చక్రాల బండి. మా నాన్న యేసుదాసు ఇరవై ఆరేళ్లు దాని సీట్లో కూర్చున్నాడు. ఆ కుదుపుకి నడుములో పూసలు అరిగిపోయాయి. ఇంకో ఏడాది ఆ సీట్లో కూర్చుంటే కాలు పడిపోతుందని విజయవాడ డాక్టరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే కంపెనీ ఈ ప్రయోగం పెట్టింది. నలభై కిలోమీటర్ల అవతల ఉన్న సున్నపురాయి గనిలో డోజరు సీటు ఖాళీగా ఉంటుంది. తిరువూరులో గదిలో కూర్చుని దాన్ని నడపాలి. అరవై రోజులు చూస్తారు. గంటకి ఎంత పని జరిగిందో లెక్కగట్టి ఆపరేటర్లను ఖాయం చేస్తారు. నాన్న గట్టెక్కితే మెత్తటి కుర్చీ దొరుకుతుంది. గట్టెక్కకపోతే ఆ వయసుకి, ఆ నడుముకి, ఆయనకు తెలిసిన పని ఇంకొకటి లేదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. బీటెక్ అయ్యాక ఏడాది తిరిగి తెచ్చుకున్న ఉద్యోగం ఇది. మనిషికీ మెషినుకీ మధ్య ఎక్కడ పొసగట్లేదో కనిపెట్టి రాయడం నా పని. మా ఇన్‌ఛార్జి వినయ్ సార్ మొదటి రోజే నన్ను పక్కకి పిలిచి అన్నాడు.

“ఆరాధనా, ఆయన మీ నాన్నగారని నాకు తెలుసు. పర్లేదు. కాగితానికి మాత్రం తెలియకూడదు.”

* * *

ఏప్రిల్ ఒకటో తారీకు. గిరిబాబు ఫోన్‌లో “క్లియర్” అన్నాడు. నాన్న బటన్ నొక్కాడు. అక్కడ సైరన్ మోగింది. మాకు వినపడదు, తెర మూల ఎర్ర గుర్తు వెలుగుతుంది, అంతే. ఇంజను అంటుకుంది. అదీ వినపడదు. పొగగొట్టం మీది రేకు మూత టపటపా కొట్టుకోవడం మాత్రం కనిపించింది. నాన్న కుడిచేతి కింద ఉన్న చిన్న లివరును వేలెడంత జరిపాడు.

అక్కడ యాభై టన్నుల ఇనుము కదిలింది.

నేను చదువుకున్నదాన్నే. తీగలో ఏం వెళ్తుందో, ఎంత వేగంతో వెళ్తుందో లెక్కలు వేసినదాన్నే. అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మా గదికీ ఆ గనికీ మధ్య ఎన్ని ఊళ్లు, ఎన్ని పత్తి చేలు, ఎన్ని మామిడి తోటలు! అన్నిటి మీదుగా మా నాన్న వేలు వెళ్లి కొండను తాకింది. కొండ పక్కకి జరిగింది.

నాన్న మాత్రం టేబుల్ మీదున్న మంచినీళ్ల గ్లాసు వంక చూస్తున్నాడు.

“నీళ్లు కదలట్లేదే,” అన్నాడు.

“ఎందుకు కదులుతాయండీ?” అన్నాను. గదిలో ఆయన నాకు ‘అండి’.

“రాయి మెత్తనిదో మొండిదో నా నడుము చెప్పేది. ఇప్పుడెవరు చెప్తారు?”

ఆ ప్రశ్నను అలాగే రాసి పెట్టుకున్నాను.

గంట గడిచేసరికి కెమెరాల అద్దాల మీద దుమ్ము పేరుకుని నాలుగు తెరలూ తెల్లబోయాయి. డోజరు ఆపి, లాక్ బటన్ నొక్కి, గిరిబాబుకి చెప్పాం. కాసేపటికి ముందు కెమెరా తెర మీదకి ఒక ముఖం వచ్చింది. నేను కుర్చీ వెనక్కి జరిపాను. తెర మా గది గోడలో సగం ఉంటుంది. ముఖం తెరంతా ఉంది. నలభై అయిదేళ్ల ఆడమనిషి. తలకి తువ్వాలు చుట్టుకుంది. కనురెప్పల మీద తెల్లటి రాతి దుమ్ము. నుదుటి మీద ఒక్కో చెమట చుక్కా నా పిడికిలంత ఉంది. ఎడమ నుంచి కుడికి మూడుసార్లు తుడిచింది. అద్దం తేటపడగానే అందులో తనను తాను చూసుకుంది. కనుబొమ మీది దుమ్ము వేలి కొసతో తీసుకుంది, ముక్కుపుడక సరిచేసుకుంది, ఏదో అనుకుని నవ్వుకుంది. అటువైపు ముగ్గురం కూర్చుని చూస్తున్నామని ఆమెకి తెలియదు.

నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “వందనాలమ్మా,” అన్నాడు తెరతో.

“ఆమెకి వినపడదు యేసుదాసు గారూ,” అన్నాడు వినయ్ సార్ నవ్వుతూ.

“వినపడకపోతే ఏంటి సార్? ఎదురుగా మనిషి వచ్చింది కదా.”

ఆమె నాలుగు అద్దాలూ తుడిచి, ముందుకొచ్చి, అయిపోయిందని గిరిబాబుకి రెండు చేతులూ పైకెత్తి చూపించి, దూరంగా వెళ్లిపోయింది. గంటకోసారి, షిఫ్టుకి ఏడెనిమిదిసార్లు అలా వచ్చేది. ప్రయోగంలో పాల్గొనే మనుషుల పట్టిక నేనే తయారుచేశాను. ఆపరేటర్లు ముగ్గురు, సూపర్‌వైజరు ఒకరు, ఇంజనీరు ఒకరు. మొత్తం ఐదుగురు. కాగితం పైన పెద్ద అక్షరాలతో ‘మానవరహిత డోజరు’ అని రాశాను. ఆమె అందులో లేదన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

* * *

నాన్నతో వచ్చిన చిక్కు నాలుగు నిమిషాలు.

సైరన్ మోగిన పదిహేను సెకన్లకి డోజరు కదలొచ్చని రూలు. మిగతా ఇద్దరు ఆపరేటర్లూ పదహారో సెకను దాటనిచ్చేవాళ్లు కాదు. నాన్న అలా కాదు. పొద్దున మొదలుపెట్టేటప్పుడూ, టీ తర్వాతా, భోజనం తర్వాతా, డోజరు ఎప్పుడు కాసేపు నిలబడినా, సైరన్ కొట్టి, ఇంజను వేసి, లేచేవాడు. నడుం మీద చెయ్యేసుకుని తన కుర్చీ చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగేవాడు. ఒక్కో తెర దగ్గరా ఆగి చూసేవాడు. కూర్చునేవాడు. చేతులు ఒళ్లో పెట్టుకునేవాడు. అప్పుడు లివరు పట్టుకునేవాడు. గడియారం చూశాను. నాలుగు నిమిషాలు. ఒక్కోసారి ఇంకో పది సెకన్లు.

“ఏంటండీ ఈ ప్రదక్షిణం?” అని వినయ్ సార్ ఓరోజు అడిగేశాడు.

“బండెక్కే ముందు చుట్టూ తిరిగి, గొలుసు మీద పానాతో మూడు దెబ్బలు కొట్టేవాళ్లం సార్. రెండుసార్లు పాము వచ్చింది. ఓసారి కుక్కపిల్లలు వచ్చాయి. ఓసారి తాగి పడుకున్నోడు వచ్చి నన్నే తిట్టాడు, నిద్ర చెడగొట్టానని.”

“ఇక్కడ కుర్చీ చుట్టూ తిరిగితే ఏమొస్తుంది?”

“ఏమీ రాదు సార్. అక్కడున్నోళ్లకి టైమొస్తుంది.”

వినయ్ సార్ చెడ్డమనిషి కాదు. నాన్న బయటికి వెళ్లాక మెల్లగా అన్నాడు: “హైదరాబాదు ఆఫీసు వాళ్లు కారణం చూడరు ఆరాధనా, అంకె చూస్తారు. ఈయన అంకె ఇలా ఉంటే నేనేం చేయలేను.”

ఆ సాయంత్రం అన్నం దగ్గర అమ్మ అదే మాట తీసింది. అమ్మ పేరు రిబ్కా. బడి ఉన్నన్నాళ్లూ పిల్లలకు భోజనం వండుతుంది, సెలవుల్లో రెడ్డిగూడెం వెళ్లి మామిడికాయలు పెట్టెలకెత్తుతుంది.

“ఎట్టా చేస్తున్నాడే మీ నాన్న? పాసా, ఫెయిలా?”

“చెప్పకూడదమ్మా.”

“అబ్బో! నాకు చెప్పకూడదంట.” నాన్న వంక తిరిగింది. “ఇన్నాళ్లూ దాని ప్రోగ్రెస్ కార్డు మీద నువ్వు వేలిముద్రేశావుగా. ఇప్పుడు నీ కార్డు దాని చేతిలో ఉంది. పప్పు ఇంకాస్త వెయ్యి దానికి.”

నాన్న నిజంగానే గరిటె అందుకున్నాడు. నేను నవ్వి కంచం పక్కకి జరిపాను.

మర్నాడు చేసిన పని చెబుతాను. నా కాగితంలో డోజరు ఆగిన కారణానికి నాలుగు గడులు ఉంటాయి. సిగ్నలు, వేడి, క్లీనింగ్, ఆపరేటర్. నాన్న నాలుగు నిమిషాలు నాలుగో గడిలో రాయాలి. నేను మూడో గడిలో రాశాను. సిగ్నలు గడిలో రాస్తే కంప్యూటరు పట్టేస్తుంది. వేడి గడిలో రాస్తే ఇంజను లెక్క పట్టేస్తుంది. క్లీనింగ్ గడిని పట్టేవాళ్లు ఎవరూ లేరు. దాని వెనక ఎవరి పేరూ లేదనుకున్నాను. ఆ రోజు నుంచి రోజూ అలాగే రాశాను.

రెండు వారాల తర్వాత గిరిబాబు ఫోన్‌లో మాటల మధ్య అన్నాడు: “క్లీనింగు లేటు, క్లీనింగు లేటని పైనుంచి ఒకటే గోలండి. మేరమ్మకి గట్టిగా చెప్పా. ఇంకోసారి లేటైతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నా.”

మేరమ్మ. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. “సరేనండి,” అని ఫోన్ పెట్టేశాను. ఆ మధ్యాహ్నం తెర నిండా ఆ ముఖం వచ్చినప్పుడు కాగితంలోకి తల వంచుకున్నాను.

* * *

మే నెల వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి అరగంట ఇంజను ఆపేసి ఇక్కడ మేమూ, అక్కడ వాళ్లూ అన్నం తినాలి. అంతకుముందు మేరమ్మ రెండు వందల గజాల దూరంలోని రేకుల షెడ్డుకి వెళ్లి తినేది. ఏప్రిల్ చివరి నుంచి వెళ్లడం మానేసింది. డోజరు పక్కన పడే మూరెడు నీడలో కూర్చుని తినేది. కుడి కెమెరా తెరలో అడుగున ఆమె చీర అంచు కాస్త కనపడేది. సైరన్ మోగాక ఆ అంచు లేచేది. తాపీగా క్యారేజీ మూత పెట్టుకుని, తువ్వాలు దులుపుకుని, గబగబా నాలుగు అద్దాలూ తుడిచి, దూరంగా నడిచేది. నాన్న నాలుగు నిమిషాల్లో అదంతా అయిపోయేది. గిరిబాబు జీపులోంచే “క్లియర్” అనేవాడు. రూలు ప్రకారం ఇవేవీ అలా జరగకూడదు. కానీ రోజూ సాఫీగా జరిగిపోయేది కాబట్టి రాయాలని ఎవరికీ తోచలేదు. నాకైతే రాయకపోవడమే మేలు.

ఎనిమిదో తారీకు వినయ్ సార్ లెక్క చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకా మూడు వారాలే ఉంది. నేను మూడో గడిలో ఎంత దాచినా డోజరు నిలబడ్డ సమయం నిలబడ్డట్టే కదా. గంటకి ఎంత పని అన్న అంకె దాగదు.

ఇంటికి వెళ్తూ స్కూటరు మీద, వెనక కూర్చున్న నాన్న వైపు తిరగకుండానే అడిగాను.

“నాన్నా, ఆ నాలుగు నిమిషాలు మానెయ్యి.”

“ఎందుకమ్మా?”

“లేకపోతే తీసేస్తారు. పదిహేను సెకన్లు చాలని వాళ్లు లెక్క కట్టే పెట్టారు. నాకోసం మానెయ్యి.”

స్పీడ్ బ్రేకరు వచ్చింది. ఆయన నడుముకి తగలకుండా బాగా నెమ్మదించి దాటించాను. అది దాటాక అన్నాడు: “చదువుకున్నదానివి. నీకు తెలుస్తుందిలే.”

* * *

మే తొమ్మిది, శుక్రవారం. పన్నెండున్నర దాటింది. గిరిబాబు “క్లియర్” అన్నాడు. నాన్న కుడి తెర వంక చూశాడు. చీర అంచు లేదు. అసలు డోజరు పక్కన నీడే లేదు. తెల్లటి నేల.

“షెడ్డుకి పోయినట్టుంది,” అన్నాడు.

బటన్ నొక్కాడు. ఎర్ర గుర్తు వెలిగింది. ఇంజను వేశాడు. కొమ్ము పైకెత్తాడు. లేవలేదు, తిరగలేదు. నా వంక ఒకసారి చూసి లివరు జరిపాడు. గడియారంలో ఇరవై రెండు సెకన్లు.

డోజరు ముందుకు కదిలింది. వెనక కెమెరాలో నేల మెల్లగా వెనక్కి జారుతోంది. అప్పటిదాకా బండి కింద ఉన్న నేల తెరలోకి వస్తోంది. రాళ్లు, గొలుసు అచ్చులు. వాటి మధ్య ఒక స్టీలు క్యారేజీ వచ్చింది. నిటారుగా నిలబడి ఉంది. మూత తీసి ఉంది. గిన్నెలో సగం అన్నం.

నాన్న రెండు చేతులూ లివర్ల మీద నుంచి తీసేశాడు. డోజరు ఆగిపోయింది. ఎడమచేత్తో ఇంజను ఆపేశాడు.

“ఏమైంది? వెనక్కి తీయండి, వెనక్కి!” వినయ్ సార్ లేచాడు.

“ముట్టుకోవద్దు సార్.”

“పోనీ ముందుకైనా...”

“ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు.”

ఆ గొంతు ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. బండి కింద చూపే కెమెరా లేదు. మనిషి రెండు గొలుసుల మధ్య ఉందో, ఒక గొలుసు కింద ఉందో తెలియదు. ముందుకు తీయాలో వెనక్కి తీయాలో ఈ భూమ్మీద ఎవరూ చెప్పలేరు. నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏమీ చేయకుండా ఉండటానికి అంత బలం కావాలని నాకు అప్పుడు తెలిసింది. మెడ నరాలు తాళ్లలా లేచాయి. చేతులు మాత్రం కదల్లేదు. నేను గిరిబాబుకి ఫోన్ చేస్తున్నాను. మోగుతోంది. ఎత్తడం లేదు.

వెనక తెరలో అడుగు నుంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత తువ్వాలు చుట్టిన తల. మోచేతుల మీద పాకుతూ మేరమ్మ బయటికి వచ్చింది. కూర్చుంది. కాసేపు అలాగే కూర్చుంది. పక్కనున్న క్యారేజీ చూసింది. మూత వెతికి తెచ్చి పెట్టింది. లేచి నిలబడి డోజరు వెనక మెట్టు ఎక్కింది.

తెర నిండా ఆమె ముఖం. దుమ్మూ చెమటా కలిసి ముద్దయి ఉంది. మోచేతి నుంచి రక్తం కారుతోంది. తువ్వాలు విప్పి, ఎడమ నుంచి కుడికి మూడుసార్లు అద్దం తుడిచింది.

తన ఆలస్యం వల్లే ఇదంతా జరిగిందనుకుంది. పని పూర్తిచేస్తోంది.

నాన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

మా అక్షాంశంలో మే రెండో వారంలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. నిటారుగా ఉన్నదేదీ పక్కకి నీడ పడనివ్వదు. నీడంతా దాని కిందే ఉంటుంది. ఇది నేను బళ్లో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

* * *

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక నాన్నా నేనూ గంపలగూడెం దాకా షేరాటోలో, అక్కడి నుంచి ఇంకో ఆటోలో మేరమ్మ ఊరు నెమలి వెళ్లాం. అమ్మ ఇచ్చిన మామిడిపళ్ల సంచి నా ఒళ్లో ఉంది. వేణుగోపాలస్వామి గుడి దాటాక పేటలో మేరమ్మ ఇల్లు అడిగితే చూపించారు. మోచేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తెర మీద చూసిన ముఖం ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయాను.

“వందనాలమ్మా,” అన్నాడు నాన్న. ఈసారి ఆమెకి వినపడింది.

“వందనాలండి. ఎవరండీ మీరు?”

“ఆ డోజరు నడిపేది నేనేనమ్మా.”

ఆమెకి అర్థం కాలేదు. “దాన్ని నడిపేవాళ్లు లేరుగా? దానంతటదే నడిచే మిషనన్నారు గిరిబాబు గారు. సీట్లో ఎవరూ ఉండరు, నేను చూశాగా.”

“తిరువూరులో కూర్చుని నడుపుతానమ్మా. కెమెరాల్లోంచి చూస్తా.”

మేరమ్మ చేతిలోని మిరపకాయ వదిలేసింది. “ఆ అద్దాల్లోంచా?”

“అవునమ్మా.”

“రోజూ చూస్తన్నారా నన్ను?” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో ఆమె భుజాలు కదిలాయి. “అయ్యో దేవుడా! ముక్కూ మూతీ ఎట్టెట్టా తిప్పానో ఏమో. ఒక్కళ్లైనా చెప్పలేదు చూడు.” నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, మెల్లగా అంది: “అయితే ఆ ఆగడం మీరేనా?”

“ఏ ఆగడం?”

“సైరను మోగాక ఇంజనేసుకుని కాసేపు గుర్రుమంటా ఉంటది కదా. పరలోక ప్రార్థన నెమ్మదిగా ఎనిమిదిసార్లు చెప్పుకోవచ్చు. ఎద్దు లేచే ముందు ఒళ్లు విరుచుకోదూ, అట్టాంటిదేమో దీని అలవాటు అనుకున్నా. మంచి మిషను, తొందర లేదు దీనికి అనుకునేదాన్ని. శుక్రవారం ఒక్కసారి ప్రార్థన పూర్తికాక ముందే కదిలిపోయింది. బయటికి పాకడానికి అప్పటికే బోర్లా పడుకున్నా కాబట్టి సరిపోయింది.”

నాన్న అరుగు మీద కూలబడ్డాడు. “నేనే అలవాటు చేశాను,” అన్నాడు. “నెలరోజులు నేనే నీకు నేర్పాను తల్లీ. ఒక్కరోజులో తీసేశాను.”

“మీరేం చేస్తారయ్యా. దాని కిందకి పోవడం నాదే తప్పు. షెడ్డుకి పోయొస్తే లేటంటన్నారు. ఎంత తొందరగా తుడిచినా లేటే అంటన్నారు. గడియారం లేనిదాన్ని, నిజంగానే లేటేమో అనుకున్నా. అందుకని దాని దగ్గరే కూర్చోవడం మొదలెట్టా.” నా వంక తిరిగింది. “పాపా, నువ్వు కూడా అక్కడేనా? నువ్వేం చేస్తావమ్మా?”

“రాస్తానండి,” అన్నాను.

“మంచిది. నీడపట్టున పని.” సంచిలోంచి ఒక పండు తీసి, ఒత్తి చూసి, తిరిగి నాకే ఇచ్చింది. “తిను. ఎండనబడి వచ్చావు.”

ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు నాన్నకి మూడో గడి సంగతి చెప్పాను. తిరువూరు వచ్చాక దిగి, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. చిన్నప్పుడు దాటించినట్టే. అది క్షమించడమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

* * *

సోమవారం పొద్దున వినయ్ సార్ రికార్డు చదివాడు. గిరిబాబు స్పీకర్ ఫోన్‌లో ఉన్నాడు. సైరన్ మోగింది. ఇరవై రెండు సెకన్ల తర్వాత డోజరు కదిలింది. రూలు పాటించారు.

“ఆపరేటర్ తప్పేం లేదు,” అన్నాడు వినయ్ సార్. అన్నప్పుడు ఆయన ముఖంలో బరువు దిగింది. “పైగా చూడగానే ఆపారు. ఇది మీకు ప్లస్సే యేసుదాసు గారూ. ఆమె మెషిను కిందకి వెళ్లింది. ఇదివరకే క్లీనింగ్ ఆలస్యమని ఆమె మీద రిమార్కులున్నాయి. రోజుకొకటి చొప్పున ఇరవై ఎనిమిది. తీసేయక తప్పదు.”

“నేను ముందే చెప్పా సార్ ఆమెకి,” అన్నాడు ఫోన్‌లో గిరిబాబు.

నాన్న నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు నేను లేచాను.

“సార్, ఆ ఇరవై ఎనిమిదీ నేను రాసినవి. ఒక్కటీ నిజం కాదు. అవి ఆపరేటర్ గడిలో రాయాలి.”

“ఆరాధనా...”

“మా నాన్నవి సార్,” అన్నాను.

ఆ గదిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. తర్వాత అంతా నాన్నే చెప్పాడు. నాలుగు నిమిషాలు, కుర్చీ చుట్టూ తిరగడం, మేరమ్మ దాన్నే రూలనుకోవడం. “ఆమె రూలు తప్పలేదు సార్. నా రూలు పాటించింది. తప్పింది నేను.” దాచుకున్నదేమీ లేదు. వినయ్ సార్ చాలాసేపు పెన్ను మూత పెట్టి తీశాడు. చివరికి కొత్త కాగితం నా వైపు తోశాడు. “మొదటి నుంచి రాయండి. ఉన్నది ఉన్నట్టు.”

రాశాను. నాకు మెమో వచ్చింది, ఉద్యోగం నిలిచింది. రూలు మారింది. సైరన్ తర్వాత తొంభై సెకన్లు ఆగాలి. బండి కింద చూసే కెమెరా పెట్టారు. గనిలో ఉన్న మనిషి కళ్లారా చుట్టూ తిరిగి చూస్తేగానీ క్లియర్ అనకూడదు. నాన్నను తీసుకోలేదు. ‘నిర్ణీత విధానం పాటించని ఆపరేటర్’ అని రాశారు. ఆయన దాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. “నాలుగు నిమిషాలకి తొంభై సెకన్లు మిగిలాయి. పర్లేదు,” అన్నాడు. ఆ జూన్‌లో అమ్మ బడికి వెళ్లినప్పుడు ఇంట్లో అన్నం వండటం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇల్లు నా జీతం మీద నడుస్తోంది.

మేరమ్మను తీసేయలేదు. కానీ జూన్ ఆఖరుకి నాలుగు కెమెరాల పక్కనా గాలి ఊదే గొట్టాలు బిగించారు. అది నా రిపోర్టులో చేసిన సిఫారసే. ఇక తుడిచే పని లేదు. ఆమె పత్తి చేలల్లోకి వెళ్లిపోయింది.

కిందటి నెల హైదరాబాదులో ఇంజనీర్ల సభలో ఆ రిపోర్టు చదివాను. బాగా చప్పట్లు కొట్టారు. మనుషుల పట్టికలో ఆరో పేరు నేను చేర్చే పంపాను. అచ్చయి వచ్చిన పుస్తకంలో ఐదుగురే ఉన్నారు. పేజీ సరిపోలేదని చెప్పారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. దీన్ని అచ్చువేసేవాళ్లు ఆ పేరు తీయరని నమ్మకం. ఆమె మేరమ్మ, నెమలి పేటలో ఉంటుంది. మనిషి లేకుండా నడిచే యంత్రం వచ్చిందని రేపు మీరు ఎక్కడైనా వింటారు, చూస్తారు, నాలాగే ఒళ్లు జలదరించి నిలబడతారు. నిలబడండి, తప్పులేదు. ఆ నిలబడ్డ కాసేపట్లో దయచేసి ఒక్కసారి ఆమెను గుర్తు చేసుకోండి.